ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం వచ్చింది, చేరాలా వద్దా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో పెట్టుకుంటాను. డిగ్రీ పూర్తయి ఏడాదిన్నర, వయసు 23. నిరుద్యోగ యువత కోసం ప్రభుత్వం తన డబ్బుతో నడిపే ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగ పథకంలో మీ పేరు వచ్చింది. పని ఏదో ఒక ఆఫీసులో. జీతం తక్కువ. పర్మనెంట్ చేసే ప్రసక్తే లేదని ముందే కాగితం మీద రాశారు. ఇంట్లో ఒకరు చేరమంటున్నారు, ఇంకొకరు ఆ ఆరు నెలలూ పరీక్షలకి చదువుకోమంటున్నారు. "చేరితే టైమ్ వేస్టా? ఇలాంటి వాటి వల్ల తర్వాత ఎవరికైనా నిజంగా ఉద్యోగాలు వచ్చాయా?" అన్నది మీ ప్రశ్న.

చేరమనే చెప్తాను. కాకపోతే రెండు మూడు సంగతులు తెలుసుకుని చేరాలి. అవి తెలియకుండా వెళ్తే మీ భయమే నిజమవుతుంది. ఇలాంటి పథకాల్లో నేను పన్నెండేళ్లు కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పిల్లల్ని చేర్చుకున్నదీ నేనే, ఆఖరి రోజు రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించి పంపినదీ నేనే. పంపాక ఎవరేమయ్యారో కూడా చాలావరకు తెలుసు, కష్టమొస్తే ఫోన్ చేసేది నాకే కాబట్టి.

రెండో ప్రశ్న ముందు చూద్దాం. ఉద్యోగాలు వచ్చాయా అంటే, కొన్నిచోట్ల వచ్చాయి, చాలాచోట్ల పెద్ద తేడా కనపడలేదు. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త ఇంకో ఇద్దరితో కలిసి 200కి పైగా అధ్యయనాలను ఒకచోట పెట్టి చూసి 2018లో ఫలితాలు అచ్చువేశారు. నిరుద్యోగుల కోసం పెట్టే రకరకాల పథకాల్లో, ప్రభుత్వమే నేరుగా తాత్కాలిక పని కల్పించేవి అన్నిటికన్నా వెనకబడ్డాయి. శిక్షణ ఇచ్చేవి, ప్రైవేటు సంస్థల్లో పెట్టించి జీతంలో కొంత భరించేవి నయం. ఆ నయం కూడా రెండు మూడేళ్లు గడిచాకే బాగా కనిపించింది. ఇది చదివి నీరుగారిపోకండి, ఇది సగటు లెక్క. మీకు పనికొచ్చేది ఆ సగటు లోపల ఉంది.

బ్రిటన్‌లో 2009 అక్టోబరులో ఫ్యూచర్ జాబ్స్ ఫండ్ అని ఒకటి మొదలైంది. మాంద్యం రోజులు. ముఖ్యంగా 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకి ఆరు నెలల పని, వారానికి కనీసం 25 గంటలు, కనీస వేతనం. ఒక్కో ఉద్యోగానికి ప్రభుత్వం 6,500 పౌండ్ల వరకు ఇచ్చింది. లక్షా అయిదు వేల మంది దాకా చేరారు. ఆరు నెలలు నిండగానే చాలామంది తిరిగి నిరుద్యోగ భృతికే వచ్చేశారు. 2010లో వచ్చిన కొత్త ప్రభుత్వం దీన్ని దండగ ఖర్చు కింద కట్టి ఆపేసింది. తీరా 2012లో ప్రభుత్వ శాఖే లెక్క తీస్తే, చేరిన రెండేళ్లకి వీళ్లలో మామూలు ఉద్యోగాల్లో, అంటే ఏ సబ్సిడీ లేని వాటిలో, ఉన్నవాళ్లు చేరనివాళ్ల కన్నా 11 శాతం పాయింట్లు, అంటే నూటికి 11 మంది, ఎక్కువ తేలారు. లెక్క తేలేసరికి పథకమే లేదు.

ఇప్పుడు జోర్డాన్. 2010లో కమ్యూనిటీ కాలేజీల్లో చదువు ముగించిన అమ్మాయిలకి వోచర్లిచ్చారు. ఈ అమ్మాయిని పనిలో పెట్టుకుంటే ఆరు నెలల వరకు కనీస వేతనం మేమే ఇస్తాం అన్నది ఆ వోచర్ అర్థం. అది చెల్లినన్నాళ్లూ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు దాదాపు 40 శాతం పాయింట్లు పెరిగారు. గడువు తీరాక ఆ తేడా దాదాపు మాయమైపోయింది.

రెండిట్లోనూ ఆరు నెలలే, రెండిట్లోనూ జీతం బరువు చాలావరకు మోసింది యజమాని కాదు. ఒకచోట ఫలితం మిగిలింది, ఒకచోట కరిగిపోయింది. దేశాలు వేరు, పద్ధతులు వేరు, కారణాలు సవాలక్ష ఉంటాయి. నేను దగ్గరగా చూసిన బ్యాచ్‌ల సంగతి మాత్రం చెప్పగలను. ఒకే ఆఫీసులో ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరికి తర్వాత దారి దొరికి ఇంకొకరికి దొరకలేదంటే, తేడా ఎప్పుడూ ఒక్క దగ్గరే వచ్చింది: బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఏముంది? జీతం ఎలాగూ ఖర్చయిపోతుంది. మీరేం చేశారో చెప్పే కాగితం, మీ గురించి ఫోన్‌లో నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి, ఈ రెండూ ఉన్నాయా?

యజమాని వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఎక్కడా పనిచేయని మనిషిని పెట్టుకోవాలంటే ఎవరికైనా జంకే. చదువుంది సరే, టైముకి వస్తాడా, చెప్పింది అర్థం చేసుకుంటాడా, మూడో రోజే మానేస్తాడా? ఇవేవీ మార్కుల జాబితాలో కనపడవు. ఎవరో ఒకరు ముందు పెట్టుకుని చూస్తే గానీ తెలియదు. ఆ మొదటి మనిషి ఎవరూ కారు. అందుకే మీలాంటి వాళ్లు ఏడాదిన్నర ఇంట్లో కూర్చోవాల్సి వస్తోంది, తెలివి లేక కాదు. అమెరికా పరిశోధకురాలు ఒకరు దీన్నే పరీక్షించారు. ఆన్‌లైన్‌లో పనులిచ్చే ఒక వేదిక మీద 952 మందిని లాటరీ పద్ధతిలో తీసుకుని పది గంటల డేటా ఎంట్రీ పని ఇచ్చారు. అనుభవం లేని కొత్తవాళ్లకి ఆ పది గంటల పనే తర్వాత ఇంకా పనులు తెచ్చిపెట్టింది, సంపాదనా పెంచింది. పనితీరు మీద వివరంగా నాలుగు మాటలు రాసి పెట్టినప్పుడు వాళ్లకి ఇంకా ఎక్కువ మేలు జరిగింది. పది గంటలకే అంత ఉంటే, మీ చేతిలో ఆరు నెలలున్నాయి. దాన్ని పైకి కనపడేలా చేసుకోవడమే మీ అసలు పని.

దక్షిణాఫ్రికాలో ఇంకో ప్రయోగం జరిగింది. పాత యజమాని ఇచ్చిన రిఫరెన్స్ లెటర్ జత చేసిన దరఖాస్తులకి పిలుపులు 60 శాతం పెరిగాయి. లెటర్ సంపాదించుకున్న ఆడవాళ్లలో ఉద్యోగం దొరికినవాళ్ల శాతం రెట్టింపైంది. తమాషా ఏమిటంటే, అంత పనిచేసే కాగితాన్ని మామూలుగా దరఖాస్తుతో పాటు పెట్టేవాళ్లు చాలా తక్కువ. న్యూయార్క్ నగరం వేసవిలో కుర్రాళ్లకి కొన్ని వారాల పని చూపించే పథకం నడుపుతుంది. అక్కడ కూడా సూపర్‌వైజర్ల అభిప్రాయం అడిగి, దాని ఆధారంగా కొందరికి లెటర్లు ఇచ్చి చూశారు. ఆ తర్వాతి ఏడాది ఉద్యోగాల్లో చేరినవాళ్లు 3 శాతం పాయింట్లు పెరిగారు. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, దానికైన ఖర్చు ఒక కాగితం.

ఈ కాగితం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. నా మొదటి బ్యాచ్‌లో 38 మంది. అందరికీ ఒకే సర్టిఫికెట్ అచ్చు వేయించాను: ఫలానా పథకంలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పాల్గొన్నారు. పేరు ఒక్కటే మార్పు. మంచి కాగితం, బంగారు రంగు అంచు, అందరితో ఫొటో కూడా దిగాం. నాలుగు నెలల తర్వాత ఒకబ్బాయి ఆ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగొచ్చాడు. ఇంటర్వ్యూలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "పాల్గొనడం అంటే ఏం చేశావు బాబూ?" అని అడిగారట. వాడు నిజానికి ఆ ఆఫీసులో మూడు నెలల పాటు ఒక్కడే మొత్తం కంప్యూటర్ ఎంట్రీ నడిపాడు. కొత్త లెటర్ రాయిద్దామని వెళ్తే వాడి సెక్షన్ ఆఫీసర్ అప్పటికే బదిలీ అయిపోయారు. వచ్చిన కొత్తాయనకి వీడు ఎవరో తెలియదు, తెలియని మనిషికి సంతకం ఎలా పెడతానన్నారు. ఆయన తప్పేం లేదు. తప్పు నాది.

కాబట్టి లెటర్ ఆఖరి రోజు అడగకండి. అయిదో నెల మొదట్లోనే అడగండి. ఆఖరి రోజుకి ఆయన సెలవులో ఉండొచ్చు, బదిలీ కావచ్చు, ఏదో చిరాకులో ఉండొచ్చు. ఇంకో మాట, "సార్, లెటర్ రాసివ్వండి" అంటే రాయరు. చెడ్డవాళ్లై కాదు, ఏం రాయాలో తోచక వాయిదా వేస్తారు. మీరే ఒక పేజీలో రాసి తీసుకెళ్తే పెన్ను తీసి దిద్దుతారు, దిద్దాక సంతకం పెడతారు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ పని, ఎంత పని, కొత్తగా ఏం నేర్చుకున్నారు, నమ్మి అప్పగించిన పని ఏదైనా ఉందా (నగదు, తాళాలు, ప్రజల వివరాలున్న రికార్డులు), కావాలంటే ఏ నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఇవి చాలు. "ఎంతో చురుకైన, నిజాయితీ గల యువకుడు" లాంటి వాక్యాలు ఎన్ని ఉన్నా చదివేవాడి కన్ను వాటి మీద ఆగదు.

ఎంత పని చేశారో గుర్తుండాలంటే రోజూ రాసుకోవాలి. నా తర్వాతి బ్యాచ్‌ల్లో ఒకమ్మాయిని రికార్డు గదిలో వేశారు. దుమ్ము, వెలుతురు లేని గది, కట్టలు కట్టలుగా పాత ఫైళ్లు. మొదటి వారం ఏడుస్తూ ఫోన్ చేసింది, ఇంత చదివి ఈ పనా అని. మానేయొద్దు, ఒక పుస్తకం పెట్టుకో అన్నాను. రోజూ సాయంత్రం బయల్దేరే ముందు రెండే లైన్లు రాసేది. నాకు ఒకసారి చూపించింది. "ఈరోజు 140 ఫైళ్లు. 11కి నంబర్లు లేవు, వేరే జాబితా రాశాను." ఇంకో రోజు: "ఒకాయన పాత కాగితం కోసం వచ్చారు. 20 నిమిషాల్లో దొరికింది. పోయిన నెలలో అయితే దొరికేది కాదన్నారు." ఇంతే. అయిదు నెలల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఏం చేశావమ్మా అంటే ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఇంటర్వ్యూ చేసినాయన ప్రశ్నలు పక్కన పెట్టి దాన్నే తిరగేశాడట. అదే గదిలో ఆమెతో సమానంగా పనిచేసిన కుర్రాడు, అదే ప్రశ్నకి "ఆఫీస్ అసిస్టెంట్‌గా చేశానండి" అని ఊరుకున్నాడు. వాడి మీద నాకు ఇప్పటికీ జాలే, పనిలో ఆమెకేం తీసిపోడు.

రెజ్యూమెలో ఈ అనుభవాన్ని ఎలా రాయాలన్నది కూడా ఆలోచించాలి. పథకం పేరు పెద్ద అక్షరాలతో పైన పెట్టకండి. 1980–81లో అమెరికాలోని డేటన్ నగరంలో కొందరు నిరుద్యోగులకి ప్రభుత్వ వోచర్లు ఇచ్చి, వాటిని యజమానులకి చూపించి ఉద్యోగం అడగమన్నారు. వోచర్ లేనివాళ్ల కన్నా ఉన్నవాళ్లకే తక్కువ ఉద్యోగాలొచ్చాయి. ఎదురు డబ్బిచ్చి మరీ అంటగడుతున్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుందని అనుకుని ఉంటారు. మీరు చేసిన పని, చేసిన చోటు ముందు రాయండి. పథకం పేరు కింద ఒక లైన్లో ఉంటే చాలు. దాచమని కాదు, అడిగితే దాపరికం లేకుండా చెప్పండి. మొదటి చూపు మాత్రం పని మీద పడాలి.

ఇక టైమ్ సంగతి. చేతిలో పని ఉంటే వెతకడం మానేస్తాం, మనిషి స్వభావం అది. బ్రిటన్‌లో ఆరు నెలలు కాగానే అంతమంది వెనక్కి రావడానికి ఇదీ ఒక కారణమే అనుకుంటాను. మొదటి రెండు నెలలూ పని నేర్చుకోండి, బయటి చూపులు వద్దు. మూడో నెల చివరి నుంచి వారానికి రెండు దరఖాస్తులైనా వెళ్లాలి. ఇంటర్వ్యూలకి సెలవు ఇస్తారా, ఇస్తే జీతం కోస్తారా అన్నది చేరేటప్పుడే అడిగేయండి. మధ్యలో మంచి ఉద్యోగం వస్తే ఆరు నెలలు పూర్తి చేయాలన్న మొహమాటం పెట్టుకోవద్దు. పథకం ఉన్నదే మిమ్మల్ని అక్కడికి చేర్చడానికి. మా దగ్గర నడుమలో వెళ్లిపోయినవాళ్లనే నేను గెలిచినవాళ్ల ఖాతాలో రాసుకునేవాణ్ణి. పై అధికారులకి పంపే నివేదికలో వాళ్లు "మధ్యలో మానేసినవారు" అనే గడిలో పడేవాళ్లనుకోండి, అది వేరే కథ.

ఒక హెచ్చరిక. నాలుగో నెలలో పుకారు మొదలవుతుంది: "మనల్ని రెగ్యులర్ చేస్తారట." ఎవరికో ఎవరో చెప్పారంటారు. నేను చూసిన ప్రతి బ్యాచ్‌లోనూ సరిగ్గా అప్పుడే మొదలైంది, ఎందుకో తెలియదు, బహుశా అప్పుడే భయం మొదలవుతుంది కాబట్టి. ఆ ఆశతో దరఖాస్తులు ఆపేసినవాళ్లని చాలామందిని చూశాను. మీ కాగితంలో ఏముందో అదే నమ్మండి. ఇంకో ఆరు నెలలు పొడిగిస్తామంటే, పని మారితేనో బాధ్యత పెరిగితేనో ఒప్పుకోండి. అదే బల్ల దగ్గర అదే పని అయితే రెండో ఆరు నెలల్లో మీ లెటర్‌లో కొత్తగా చేరే వాక్యం ఏమీ ఉండదు.

పరీక్షల విషయం. తారీఖు ఖరారైన పరీక్ష మూడు నాలుగు నెలల్లో ఉండి, మీరు ఇప్పటికే గట్టిగా చదువుతూ ఉంటే చేరకండి, అదే చూసుకోండి. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియని పరీక్షకోసమైతే చేరండి. ఏడాదిన్నరగా ఇంట్లో చదువుతున్నామని చెప్పే పిల్లల్లో ఎంతమంది రోజూ చదువుతున్నారో వాళ్లకే తెలుసు. నిజం చెప్పాలంటే పొద్దున్నే లేచి ఒకచోటికి వెళ్లే అలవాటే సగం మందికి మందులా పనిచేస్తుంది. ఇది నా చాదస్తం అనుకోవద్దు. అమెరికాలో 1933లో మొదలుపెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో, 1942లో మూసేసేలోపు దాదాపు 30 లక్షల మంది యువకులు పనిచేశారు. అడవుల్లో శిబిరాలు, ఆరేసి నెలల విడతలు, నెలకి 30 డాలర్లు, అందులో పాతిక దాకా నేరుగా ఇంటికి. దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు. ఇటీవల పరిశోధకులు పాత రికార్డులు తవ్వి ఆ కుర్రాళ్ల జీవితాలను చివరిదాకా వెతికి చూస్తే, తొలి ఏళ్లలో ఉద్యోగాలూ జీతాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ఎక్కువ కాలం పనిచేసినవాళ్లు ఎత్తు పెరిగారు, ఎక్కువ ఏళ్లు బతికారు, జీవితం మొత్తం మీద ఎక్కువ సంపాదించారు. షికాగోలో 2012 వేసవిలో గొడవలు ఎక్కువున్న బడుల పిల్లలకి ఎనిమిది వారాల పని ఇస్తే, తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల కింద అరెస్టులు 43 శాతం తగ్గాయి. తొలి ఏళ్ల ఉద్యోగాల లెక్కలో మాత్రం ఇవేవీ కనపడవు.

చేరకూడని సందర్భాలూ ఉన్నాయి. చేర్పించడానికి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి, ప్రభుత్వ పథకానికి మధ్యవర్తి ఉండడు. రానుపోను ఖర్చు జీతంలో సగం మింగేస్తే ఆలోచించండి. చిన్నదైనా సరే మామూలు ఉద్యోగం చేతిలో ఉంటే దాన్ని వదిలి రావద్దు. ఒక ఉద్యోగిని తీసేసి ఆ కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెడుతున్నారని తెలిస్తే, చేరే ముందే తెలిసి చేరండి. అక్కడ మీకు నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు, పక్కవాళ్ల కోపం కూడా మీ మీదే పడుతుంది. బ్రిటన్‌లో 1983లో వచ్చిన యూత్ ట్రైనింగ్ స్కీమ్ మీద పడ్డ పెద్ద నింద ఇదే, శిక్షణ పేరుతో చవగ్గా పనివాళ్లని తెచ్చుకుంటున్నారని. తర్వాత వచ్చిన ఫ్యూచర్ జాబ్స్ ఫండ్‌లో ఇవి ఉన్నవాటికి అదనంగా వచ్చే ఉద్యోగాలే అయి ఉండాలని షరతు పెట్టారు.

జాయినింగ్ తేదీ ఇంకా ఖరారు కాలేదన్నారు కదా, ఈలోపు ఆ ఆఫీసుకి ఒకసారి వెళ్లి రండి. రెండే ప్రశ్నలు అడగండి: నేను ఎవరి కింద పనిచేస్తాను, మొదటి నెలలో నా పని ఏమిటి? ఒక మనిషి పేరు, ఒక పని పేరు చెప్తే చేరిపోండి, పని ఎంత చిన్నదైనా ఫర్వాలేదు. "రండి, వచ్చాక చూద్దాం" అంటే వారం ఆగి మళ్లీ అడగండి. అప్పుడూ అదే మాట అంటే నాకు రాయండి, నా జవాబు మారొచ్చు.